గంట మోగలేదంటే క్షేమమేనా?



మీ ఇంటి మిద్దె మీదనో, మీ బడి మీదనో నీళ్ల ట్యాంకు ఉండే ఉంటుంది. మోటారు వేసి ఎవరి పనిలో వాళ్లు పడిపోతారు. కాసేపటికి గోడ వెంట నీళ్లు కారుతుంటే, "ట్యాంకు నిండింది, మోటారు బంద్ చెయ్యండి" అని వాడకట్టులో ఎవరో ఒకరు కేక వేస్తారు. ఆ కేకే మనకు అలారం. పోయింది నీళ్లే కదా అని ఎవరూ పెద్దగా బాధపడరు.

నేను పనిచేసిన ఒక బడిలో ఆ కేక అవసరం లేకుండా చేద్దామనుకున్నాం. వైజ్ఞానిక ప్రదర్శన కోసం పదో తరగతి పిల్లలు ఒక పరికరం తయారు చేశారు. అందులో ఉన్నవి రెండు రాగి తీగలు, ఒక బ్యాటరీ, ఒక బజర్. ట్యాంకు నిండి నీరు రెండు తీగల కొనలనూ తాకగానే విద్యుత్ వలయం పూర్తయి బజర్ మోగుతుంది. దానికి బహుమతి కూడా వచ్చింది. ప్రదర్శన అయ్యాక దాన్ని బడి ట్యాంకుకే బిగించాం. ఎనిమిది నెలలు చక్కగా మోగింది. ఆ ఎనిమిది నెలల్లో ట్యాంకు వైపు తల ఎత్తి చూసే అలవాటు అందరికీ పోయింది.

ఒకనాడు బజర్ మోగలేదు. మోటారు వేసిన మనిషి గంట మోగుతుందని నిశ్చింతగా కూర్చున్నాడు. నీళ్లు పొర్లి మెట్ల గదిలోకి దిగాయి. అక్కడ మధ్యాహ్న భోజనం కోసం పెట్టిన బియ్యం బస్తాలు రెండు తడిసి ముద్దయ్యాయి. పైకెక్కి చూస్తే ఒక తీగ కొన చిలుము పట్టి, అరిగి, ముట్టుకోగానే విరిగింది. అదనపు నీరు బయటకు పోవలసిన గొట్టం మూతిలో పిట్ట గూడు పెట్టింది. గంట చచ్చిపోయింది, నీటికి దారి మూసుకుపోయింది. రెండు సంగతులూ మాకెవరికీ తెలియవు. ఒక్కసారైనా పైకెక్కి పరీక్షించని తప్పు నాదే.

ఆ బియ్యం బస్తాలు నేర్పిన పాఠాన్నే ఇవాళ మీతో పంచుకుంటాను. పెద్ద పెద్ద కర్మాగారాల ట్యాంకుల్లో కూడా ఇదే పాఠం దాగి ఉంది. అక్కడ దాన్ని మరిచిపోతే పోయేది రెండు బస్తాల బియ్యం కాదు.

ఊరి చెరువు ఏం చెబుతోంది?

ముందుగా మన చెరువు కట్ట మీదికి పోదాం. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతపు పల్లెల్లో చెరువు లేని ఊరు అరుదు. చెరువుకు ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. కట్ట నీటిని ఆపుతుంది. తూము పొలాలకు నీరిస్తుంది. మూడవది మత్తడి. కట్టకంటే తక్కువ ఎత్తులో, ఒక పక్కన రాతితో కట్టిన పొడుగాటి గోడ అది. చెరువు నిండాక వచ్చే నీరు దాని మీదుగా దుంకి వాగులో కలుస్తుంది.

మత్తడి అంచుకూ కట్ట తలకూ మధ్య కొంత ఎత్తును కావాలనే ఖాళీగా వదిలిపెడతారు. మత్తడి మీదుగా నీరు పోవడానికి కొంత వ్యవధి కావాలి. ఈలోగా వరద పెరిగినా, గాలికి అలలు లేచినా ఆ ఖాళీ కట్టను కాపాడుతుంది. పూర్వం నీరటి వానకాలం రాత్రిళ్లు కట్ట మీద తిరుగుతూ నీరు ఎంతవరకు వచ్చిందో చూసేవాడు. ఆయనే ఆ చెరువుకు కొలబద్ద, ఆయనే హెచ్చరిక గంట.

అంటే నీటిని నిలవ చేసే ప్రతి పాత్రనూ మూడు ప్రశ్నలు అడగాలి. ఇప్పుడు ఎంత ఉంది? ఇంకా ఎంత ఖాళీ ఉంది? ఎక్కువైతే ఎటు పోతుంది?

ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికి జవాబు సరిపోకపోయినా ఏమవుతుందో మన ప్రాంతమే చూసింది. గోదావరికి ఉపనది కడెం. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, ఇప్పటి నిర్మల్ జిల్లాలో, ఆ నది మీద కడెం ప్రాజెక్టు కట్టారు. 1958 ఆగస్టులో దాని మీదికి పెద్ద వరద వచ్చింది. నీటి మట్టానికీ కట్ట తలకూ మధ్య 2.4 మీటర్ల ఖాళీ వదిలినా అది చాలలేదు. వచ్చే నీరు, పోయే నీటికంటే ఎక్కువైంది. చివరికి కట్ట తల మీదుగా 46 సెంటీమీటర్ల ఎత్తున నీరు పారింది. 46 సెంటీమీటర్లంటే మీ మోకాలి ఎత్తు! ఆ పొర్లిన నీరు మట్టికట్టను కోసుకుంటూ పోయి ఎడమ వైపున సుమారు 137 మీటర్ల వెడల్పున గండి కొట్టింది.

తరవాత ఆనకట్టను పునర్నిర్మించారు. ఇవాళ దానికి 18 గేట్లున్నాయి. అయినా 2022 జులైలో, మళ్లీ 2023 జులైలో, గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చి నీరు గేట్ల పైనుంచి పొర్లింది. కింది ఊళ్ల ప్రజలను ముందే తరలించారు. నీటి మట్టాన్ని గంట గంటకూ కొలిచి, మాట ముందుగా చేరవేయడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

పెట్రోలుకు మత్తడి పనికిరాదు

ఇప్పుడు చెరువు నుంచి కర్మాగారానికి పోదాం. చెరువు నీరు పొర్లితే వాగులో కలిసిపోతుంది. పెట్రోలు పొర్లితే ఎక్కడికి వదలాలి? నేల మీద పడ్డ పెట్రోలు ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది. పొగలా పైకి పోకుండా నేలను అంటిపెట్టుకుని, నీటిలా పల్లానికి పారుతుంది. ఎక్కడో దూరాన ఒక మోటారు స్విచ్ దగ్గర చిన్న నిప్పురవ్వ దొరికితే చాలు.

అమ్మోనియా సంగతి చూడండి. రామగుండంలో బొగ్గు ఆధారంగా ఎరువులు తయారుచేసే కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. అదే రామగుండంలో సహజవాయువుతో నడిచే కొత్త యూరియా కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. యూరియా తయారు కావాలంటే ముందు అమ్మోనియా కావాలి. మామూలు వాతావరణ పీడనం వద్ద అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. అందువల్ల దాన్ని ద్రవంగా పెద్ద ట్యాంకుల్లో నిలవ చేయాలంటే అంత చల్లగా ఉంచాలి. అలాంటి ట్యాంకు మూత తీసి లోపలికి తొంగి చూడడం కుదురుతుందా? కళ్లు మండి ఊపిరాడదు, ప్రాణానికే ముప్పు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ద్రవాలు వేడికి వ్యాకోచిస్తాయని చదువుకున్నారు. 1000 లీటర్ల నీరు 1 డిగ్రీ వేడెక్కితే మన ఎండల్లో లీటరులో సుమారు మూడో వంతు పెరుగుతుంది. అదే 1000 లీటర్ల పెట్రోలు సుమారు 1 లీటరు పెరుగుతుంది. నేల మీద నిలబెట్టిన 20,000 లీటర్ల ట్యాంకును తెల్లవారుజామున అంచుదాకా నింపామనుకోండి. వేసవి మధ్యాహ్నానికి పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే పెరిగే ఘనపరిమాణం సుమారు 20 × 15 = 300 లీటర్లు. ఒక్క చుక్క కొత్తగా పోయకుండానే 300 లీటర్లు బయటపడతాయి! రామగుండం, ఆదిలాబాద్ ఎండలు తెలిసిన మీకు దీని సంగతి వేరుగా చెప్పక్కర్లేదు. ఏ ట్యాంకునూ అంచుదాకా నింపకపోవడానికి ఇది ఒక కారణం.

ఇంత చేసినా పొర్లితే ఏం చేయాలి? అందుకని పెద్ద ట్యాంకుల చుట్టూ ఒక గోడ కడతారు. పొర్లిన ద్రవం ఆ గోడ లోపలే ఆగాలి. ఇంగ్లీషువారు ఆ గోడను 'బండ్' అంటారు. వాళ్లు మన దేశంలో నీటికి అడ్డంగా వేసే కట్టల పేరును విని తీసుకుపోయిన మాట అది. చూశారా, మన చెరువు కట్ట ఎంత దూరం ప్రయాణించిందో! కాని ఈ గోడ ద్రవాన్ని ఆపుతుంది గాని ఆవిరిని ఆపలేదు. అందుచేత పొర్లకముందే తెలుసుకోవడం ఒక్కటే సరైన మార్గం.

కనబడని మట్టాన్ని కొలవడం ఎలా?

మూత వేసిన ఇనుప ట్యాంకులో ద్రవం ఎంతవరకు ఉందో కనుక్కోవడానికి అనేక పద్ధతులున్నాయి. వాటి వెనక ఉన్న సూత్రాలన్నీ మీ పాఠ్యపుస్తకంలోనివే.

1. కొలబద్ద: పెట్రోలు బంకులో నేలలోపలి ట్యాంకులోకి ఒక పొడవాటి లోహపు కడ్డీ దించి, ఎంతవరకు తడిసిందో చూడడం మీరు గమనించి ఉంటారు. అడుగున నీరు చేరిందేమో తెలుసుకోవడానికి కడ్డీ కొనకు ఒక రకం ముద్ద పూస్తారు. నీరు తగిలితే దాని రంగు మారుతుంది. ఇది నమ్మదగిన పద్ధతే. కాని మనిషి వెళ్లి చూసిన క్షణంలో ఎంత ఉందో అంతే చెబుతుంది.

2. గాజు గొట్టం: ఒకదానితో ఒకటి కలిసిన పాత్రల్లో ద్రవం ఒకే మట్టంలో నిలుస్తుంది. ట్యాంకు పక్కన నిలువుగా గాజు గొట్టం అమర్చి, పైనా కిందా ట్యాంకుతో కలిపితే లోపలి మట్టం గొట్టంలో కనిపిస్తుంది. ఆవిరి బాయిలరుకు ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. రామగుండంలోని ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో నడవడం మొదలైంది. తరవాత మొత్తం మూడు 200 మెగావాట్ల యూనిట్లు, నాలుగు 500 మెగావాట్ల యూనిట్లు ఏర్పడ్డాయి. ఇలాంటి కేంద్రాల్లో బాయిలరు డ్రమ్ములోని నీటి మట్టం మీద రాత్రింబగళ్లు కన్ను ఉండాలి. మట్టం తగ్గితే గొట్టాలు ఎర్రగా కాలి పగులుతాయి. మట్టం పెరిగితే ఆవిరితోపాటు నీరు కూడా టర్బైనులోకి పోయి దాని రెక్కలను పాడు చేస్తుంది. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే!

3. తేలే బిళ్ల: ద్రవం మీద తేలే బిళ్లకు తీగ కట్టి, ఆ తీగను కప్పీ మీదుగా బయటి స్కేలుకు కలుపుతారు. మట్టం పెరిగితే బిళ్ల పైకి లేస్తుంది, బయట సూచిక కదులుతుంది. మన ఇళ్లలో ట్యాంకు నిండగానే నీటిని ఆపే బంతి వాల్వు దీని తమ్ముడే. దీని లోపం ఒక్కటే. తీగ గాని, బిళ్ల గాని ఎక్కడైనా పట్టుకుపోతే సూచిక కదలకుండా నిలిచిపోతుంది.

4. అడుగున పీడనం: ద్రవపు పీడనం = ఎత్తు × సాంద్రత × గురుత్వ త్వరణం. 10 మీటర్ల నీటి అడుగున పీడనం 10 × 1000 × 9.8 = 98,000 పాస్కళ్లు. పీడనం కొలిస్తే ఎత్తు తెలుస్తుంది. అయితే ఒక జాగ్రత్త ఉంది. పెట్రోలు సాంద్రత సుమారు 740. నీటికోసం సరిచేసిన మీటరును 10 మీటర్ల పెట్రోలు ఉన్న ట్యాంకుకు బిగిస్తే అది 7.4 మీటర్లే చూపుతుంది! పరికరం అబద్ధం చెప్పలేదు. ఏ ద్రవమో దానికి మనం సరిగా చెప్పలేదు.

5. ప్రతిధ్వని: ట్యాంకు పైకప్పు నుంచి అతిధ్వని తరంగాన్ని కిందికి పంపి, అది ద్రవం మీద తగిలి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని కొలుస్తారు. ఆదిలాబాద్ చలికాలపు ఉదయం 15 డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. తిరిగి రావడానికి 0.02 సెకను పడితే దూరం 340 × 0.02 ÷ 2 = 3.4 మీటర్లు. వేసవిలో 45 డిగ్రీల వద్ద వేగం సుమారు 358 మీటర్లు. అదే 0.02 సెకనుకు దూరం 3.58 మీటర్లవుతుంది. 18 సెంటీమీటర్ల తేడా! కాబట్టి ఇలాంటి పరికరం తన పక్కనే ఉష్ణోగ్రతను కూడా కొలుచుకోవాలి. ట్యాంకులో పెట్రోలు ఆవిరి ఉంటే ధ్వని వేగం ఇంకా మారిపోతుంది. అందువల్ల ఇప్పుడు చాలాచోట్ల రాడార్ తరంగాలను వాడుతున్నారు. అవి కాంతి వేగంతో పోతాయి. వేడికీ ఆవిరికీ వాటి వేగం దాదాపు మారదు. కాని 3.4 మీటర్లు పోయి రావడానికి వాటికి పట్టేది సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో సుమారు 23 భాగాలు! అంత సూక్ష్మమైన కాలాన్ని కొలవగలిగే విద్యుత్ పరికరాలు రావడంవల్లనే ఇది సాధ్యమైంది.

గంట ఎంత ముందుగా మోగాలి?

మట్టం తెలిసింది. ఇక హెచ్చరిక గంటను ఎంత ఎత్తున అమర్చాలి? ఇది ఊహతో తేల్చేది కాదు, లెక్క కట్టి తేల్చేది.

25 మీటర్ల వ్యాసం గల గుండ్రటి ట్యాంకును తీసుకోండి. దాని అడుగు వైశాల్యం 3.14 × 12.5 × 12.5 = సుమారు 490 చదరపు మీటర్లు. గొట్టం ద్వారా గంటకు 600 ఘనపుమీటర్ల పెట్రోలు వస్తోందనుకుందాం. మట్టం గంటకు 600 ÷ 490 = 1.22 మీటర్లు పెరుగుతుంది. అంటే నిమిషానికి సుమారు 2 సెంటీమీటర్లు.

గంట మోగాక మనిషి లేచి చూడాలి, నిజమో కాదో తేల్చుకోవాలి, పెట్రోలు పంపే కేంద్రానికి ఫోను చేయాలి, పెద్ద వాల్వు మూసుకోవాలి. అన్నీ కలిపి 15 నిమిషాలు పడితే ఈలోగా మట్టం 30 సెంటీమీటర్లు పెరుగుతుంది. కాబట్టి ప్రమాద మట్టానికి కనీసం అంత కిందనే గంట మోగాలి. పంపు వేగం పెంచితే ఆ ఎత్తు కూడా మారాలి. గంటకు 900 ఘనపుమీటర్లు వస్తే 30 చాలదు, 45 సెంటీమీటర్లు కావాలి.

అందువల్ల పెద్ద ట్యాంకులకు మెట్లు మెట్లుగా హద్దులు పెడతారు. మొదటిది మామూలుగా నింపవలసిన హద్దు. దాని పైన మొదటి గంట. ఇంకా పైన రెండవ గంట. అది మోగేసరికి మనిషి ప్రమేయం లేకుండానే వాల్వు మూసుకునే ఏర్పాటు ఉండడం మేలు. వీటన్నిటికీ పైన ఖాళీ, ఆ పైన ట్యాంకు అంచు. మత్తడికీ కట్ట తలకూ మధ్య మన పెద్దలు వదిలిన ఖాళీ గుర్తుకు వచ్చిందా?

2005 డిసెంబరు 11 నాడు ఏం జరిగింది?

ఇన్ని హద్దులు పెట్టిన చోట కూడా ఒక ఘోరం జరిగింది. ఇంగ్లండులో బన్స్‌ఫీల్డ్ అనే చోట పెద్ద చమురు నిలవ కేంద్రం ఉంది. 2005 డిసెంబరు 10 శనివారం సాయంత్రం అక్కడి 912వ నెంబరు ట్యాంకులోకి గొట్టం ద్వారా పెట్రోలు రావడం మొదలైంది. తెల్లవారితే ఆదివారం. రాత్రి 3 గంటల 5 నిమిషాలకు ట్యాంకు మూడింట రెండు వంతులు నిండి ఉండగా మట్టం చూపే మీటరు పట్టుకుపోయింది. పెట్రోలు వస్తూనే ఉంది, లోపల మట్టం పెరుగుతూనే ఉంది. కాని కంట్రోలు గదిలోని తెర మీద అంకె కదలలేదు.

హెచ్చరిక గంటలు లేవా? ఉన్నాయి. కాని మొదటి గంటలు అదే మీటరు చెప్పిన అంకెను చూసి మోగేవి. మీటరు నిలిచిపోయింది కాబట్టి వాటి దృష్టిలో ట్యాంకు ఎప్పటికీ నిండదు!

దీని కోసమే, ఆ మీటరుతో సంబంధం లేకుండా, ట్యాంకు పైభాగాన వేరుగా ఒక స్విచ్ ఉంది. పెట్రోలు అక్కడిదాకా వస్తే అది తనంతట తానే సరఫరాను ఆపాలి. ఆ స్విచ్‌కు పరీక్ష కోసం ఒక చిన్న పిడి ఉండేది. పరీక్ష అయ్యాక పిడిని సరైన స్థానంలో నిలపడానికి ఒక తాళం వేయాలి. ఆ తాళం ఎందుకో అక్కడివారికి తెలియదు. తాళం వేయలేదు. దాంతో ఆ స్విచ్ పనిచేసే స్థితిలో లేదు. అది కూడా నిశ్శబ్దంగా ఉండిపోయింది.

తెల్లవారుజామున సుమారు 5 గంటల 37 నిమిషాలకు ట్యాంకు పైనుంచి పెట్రోలు జలపాతంలా దూకడం మొదలైంది. 2,50,000 లీటర్లకు పైగా బయటపడింది. ఆవిరి మేఘం తెల్లటి పొగమంచులా నేల మీద పరుచుకుంటూ గోడ దాటి రోడ్ల దాకా పాకింది. 6 గంటల 1 నిమిషానికి పేలింది. ఇరవైకి పైగా ట్యాంకులు అంటుకున్నాయి. మంటలు ఐదు రోజులపాటు రేగాయి. 43 మందికి గాయాలయ్యాయి. ఆదివారం తెల్లవారుజాము కావడంతో చుట్టుపక్కల కార్యాలయాల్లో మనుషులు దాదాపు లేరు. అందుకే ఒక్క ప్రాణమూ పోలేదు. అదే పనిదినం పొద్దున పది గంటలకైతే ఏమయ్యేదో ఊహించండి.

విచారణలో ఇంకొక సంగతి బయటపడింది. ఆ మీటరు అంతకు ముందు మూడు నెలల పైచిలుకు కాలంలోనే 14 సార్లు పట్టుకుపోయింది. ప్రతిసారీ ఎలాగో సరిచేసి మళ్లీ వాడారు. పరికరం 14 సార్లు తన జబ్బు చెప్పుకుంది. ఎవరూ దాన్ని జబ్బుగా లెక్కపెట్టలేదు.

నిశ్శబ్దానికి రెండు అర్థాలు

ఇప్పుడు మా బడి ట్యాంకు దగ్గరికి తిరిగి రండి. బజర్ మోగలేదు. దాని అర్థం ఏమిటి? "ట్యాంకు ఇంకా నిండలేదు" కావచ్చు. "నేను చచ్చిపోయాను" కూడా కావచ్చు. రెండూ వినడానికి ఒకేలా ఉంటాయి. మేము మొదటి అర్థమే తీసుకున్నాం. బన్స్‌ఫీల్డ్‌లోనూ అదే జరిగింది. ఈ చిక్కు నుంచి బయటపడడానికి ఇంజనీర్లు నాలుగు ఉపాయాలు కనిపెట్టారు.

మొదటిది: కొలిచే పరికరం వేరు, అరిచే పరికరం వేరు. రెండూ ఒకే తీగకు, ఒకే బిళ్లకు వేలాడకూడదు. ఒకటి చెడితే రెండవది మిగలాలి.

రెండవది: మూడు పరికరాలు పెట్టి ఏ రెండు ఒకే మాట చెబితే దాన్ని నమ్మడం. బాయిలరు డ్రమ్ములవంటి కీలకమైన చోట్ల ఈ పద్ధతి వాడతారు. ఒకటి తప్పు చెబితే మిగతా రెండు దాన్ని పట్టిస్తాయి.

ఎన్ని పెట్టామన్నదే కాదు, ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. 2020 మే 7న విశాఖపట్నం దగ్గర స్టైరీన్ ట్యాంకు నుంచి విషవాయువు వెలువడి 12 మంది మరణించారు. అక్కడ తప్పింది మట్టం కొలత కాదు, ఉష్ణోగ్రత కొలత. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారని విచారణ సంఘం తేల్చింది. పైపొరలు వేడెక్కుతున్న సంగతి అడుగునున్న పరికరానికి ఎలా తెలుస్తుంది? పరికరం తానున్న చోటి సంగతే చెప్పగలదు.

మూడవది చాలా అందమైన ఉపాయం. కాజీపేట నుంచి రామగుండం, మంచిర్యాల మీదుగా బల్లార్షా పోయే రైలు మార్గం మీకు తెలుసు. పాతకాలంలో రైలు మార్గాల మీద చెయ్యి చాపినట్టుండే సిగ్నళ్లు ఉండేవి. చెయ్యి అడ్డంగా ఉంటే "ఆగు" అని అర్థం. "పో" అని చెప్పాలంటే స్టేషను నుంచి తీగ లాగి పట్టుకోవాలి. ఆ తీగ తెగిపోతే? బరువు వల్ల చెయ్యి తనంతట తానే "ఆగు" స్థితికి వచ్చేస్తుంది. అంటే సిగ్నలు చెడితే రైలు ఆలస్యమవుతుంది గాని ప్రమాదంలో పడదు. అలాగే మంచి అలారంలో అంతా క్షేమంగా ఉన్నంతసేపూ విద్యుత్తు పారుతూ ఉంటుంది. ట్యాంకు నిండినా, తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా ఆ విద్యుత్తు ఆగుతుంది. ఆగగానే వాల్వు మూసుకుంటుంది. ఇక్కడ క్షేమమే నోరు విప్పి చెబుతుంది. నిశ్శబ్దం వస్తే అది ప్రమాద సూచనే!

నాలుగవది అన్నిటికంటే చౌకైనది, అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది. అదే పరీక్ష. అలారాన్ని నిర్ణీత కాలానికి ఒకసారి నిజంగా మోగించి చూడాలి. చూసిన తేదీ రాసి పెట్టాలి. పరీక్ష కోసం విప్పిన దాన్ని తిరిగి సరిగా బిగించామా అని ఇంకొకరు చూడాలి.

మీరే చేసి చూడండి

కావలసినవి: ఎత్తైన ప్లాస్టిక్ డబ్బా, తర్మకోల్ ముక్క, సన్నని వెదురు పుల్ల, అట్ట ముక్కలు, వంటింటి అల్యూమినియం రేకు, రెండు టార్చి సెల్లులు, టార్చి బల్బు, వైరు. ఇంటి కరెంటును ఏ పరిస్థితిలోనూ వాడకండి.

పుల్ల అడుగున తర్మకోల్ గుచ్చి నీటి మీద తేలేలా డబ్బాలో ఉంచండి. డబ్బా మూతి మీద రంధ్రం చేసిన అట్ట పెట్టి, పుల్ల దాని గుండా పైకి లేచేలా చూడండి. రంధ్రానికి అటూ ఇటూ రెండు వైర్ల కొనలను తొడుగు ఒలిచి, అట్ట మీద అతికించండి. ఇంకొక చిన్న అట్ట ముక్కకు అల్యూమినియం రేకు చుట్టి ఆ రెండు కొనల మీద వంతెనలా పెట్టండి. సెల్లులు, బల్బు ఈ వలయంలో కలపండి. బల్బు వెలుగుతుంది. ఇప్పుడు డబ్బాలో నీరు పోస్తూ పోండి. పుల్ల పైకి లేచి వంతెనను ఎత్తగానే బల్బు ఆరిపోతుంది. ట్యాంకు నిండిందన్నమాట!

రెండవ డబ్బాలో మా బడి పద్ధతి చేయండి. రెండు తీగల కొనలు పైన ఎడంగా ఉండాలి. పుల్ల తలకు చుట్టిన రేకు వాటిని తాకినప్పుడు మాత్రమే బల్బు వెలగాలి.

ఇప్పుడు మీ స్నేహితుణ్ణి కళ్లు మూసుకోమని, రెండు వలయాల్లోనూ ఒక్కొక్క వైరు రహస్యంగా ఊడదీయండి. నీరు పోయకముందే ఏ డబ్బా అలారం చెడిందో చూసి చెప్పమనండి. మొదటి డబ్బా సంగతి అతడు వెంటనే చెబుతాడు, బల్బు ఆరిపోయి ఉంది గనక. రెండవదాని సంగతి నీరు పొర్లేదాకా అతడికి తెలియదు. మా రెండు బస్తాల బియ్యం ఇలాగే తడిశాయి.

చివరిగా ఒక పని. ఈసారి మృగశిర కార్తెకు ముందు పెద్దవాళ్లతో కలిసి మీ ఊరి చెరువు కట్ట మీదికి పోయి రండి. మత్తడి మీద తుమ్మ చెట్లు మొలిచాయా? మత్తడి నీరు పోయే కాలువలో ఇళ్లు లేచాయా? ఎండాకాలంలో మత్తడి కూడా మాట్లాడదు. దాని నిశ్శబ్దం "నేను సిద్ధంగా ఉన్నాను" అంటోందో, "నాకు దారి లేదు" అంటోందో చూసి వచ్చి మీ నోటు పుస్తకంలో రాయండి. వానలు పడ్డాక అడిగితే ఆలస్యమవుతుంది. నేను ట్యాంకు ఎక్కింది బియ్యం తడిశాకనే.

ఆలోచించండి

1. 10 మీటర్ల వ్యాసం గల ట్యాంకులోకి గంటకు 157 ఘనపుమీటర్ల ద్రవం వస్తోంది. మట్టం నిమిషానికి ఎన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది? గంట మోగాక వాల్వు మూయడానికి 12 నిమిషాలు పడితే గంటను ప్రమాద మట్టానికి ఎంత కింద అమర్చాలి?

2. నీటికోసం సరిచేసిన పీడన మీటరును కిరోసిన్ ట్యాంకుకు బిగించారు. కిరోసిన్ సాంద్రత 800. మీటరు 4 మీటర్లు చూపితే నిజంగా ఎంత కిరోసిన్ ఉంది?

3. మీ ఇంట్లో, మీ బడిలో నిశ్శబ్దానికి రెండు అర్థాలున్న పరికరాలు ఏవేవి? వాటిని ఆఖరిసారి ఎవరు, ఎప్పుడు పరీక్షించారు?

(జవాబులు: 1. సుమారు 3.3 సెంటీమీటర్లు; కనీసం 40 సెంటీమీటర్ల కింద. 2. 5 మీటర్లు. మూడవదానికి జవాబు మీరే వెతకాలి.)